పనిచోట మనవారును పరులును
(పొందూరు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నాకు ముందుగా చూపిన విన్నపములలో పెక్కింటియందు ఒకే కోరిక కనబడినది. మన కులస్థులు నడుపు అంగళ్లలోను, కార్ఖానాలలోను, పరదేశపు కంపెనీలలోను మన పిల్లలకే మొదట పని యీయవలెనట. బిడ్డల జీవనోపాధికై తలిదండ్రులు పడు ఆరాటమును బడిలో ముప్పదియేండ్లకు పైగా చూచినవాడను. దానిని చులకన చేయజాలను. కాని యీ కోరికను తీర్మానముగా వ్రాయుటకు ముందు, మన సీమవారు సముద్రము దాటి యేమి యనుభవించిరో ఒక్కింత స్మరింపవలసియున్నది.

పూర్వపు గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగూనునకు పోయెడివారు. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు తెలుగువారినందరిని కోరంగీలనిరి. వీడు ఏ యూరివాడు, ఏ కులమువాడు అని అడిగినవారు లేరు. ఇంట మనము శ్రద్ధగా లెక్కించుకొను అంతరములన్నియు ఓడ దిగగానే ఒక్క పేరులో కరగిపోయినవి. ఓడల బరువులు దించుట, బియ్యపు మిల్లులలో బస్తాలెత్తుట, రిక్షాలు లాగుట మనవారి పనులయ్యెను. 1931 జనాభా లెక్కలనాటికి ఆ నగరమున భారతీయులు సగమునకు మించియుండిరి.

అచ్చట కూలిని పనిలో పెట్టువాడు దొర కాడు, మేస్త్రీ. అతడును తెలుగువాడే, పలుమారు కూలియొక్క యూరివాడే. ఓడ బాడుగకు బయానా యిచ్చి తీసికొనిపోయి, దానిని కూలిలో పట్టుకొని, అప్పు తీరువరకు కదలనీయడు. వలసల శాఖలో అధికారిగానుండిన ఆండ్రూ దొర 1933లో ప్రకటించిన రంగూను కూలీల గ్రంథమున ఈ పద్ధతి వివరింపబడినది. సంస్కృతమున స్వశబ్దమునకు జ్ఞాతి యనియు, ధనమనియు రెండర్థములు గలవు. పిల్లలకు ఈ మాట చెప్పునప్పుడెల్ల నాకు మేస్త్రీ జ్ఞప్తికి వచ్చెడివాడు. అతని చేతిలో ఆ రెండర్థములును ఒక్కటైనవి.

1930 మే మాసమున ఓడరేవులోని మన కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. గుత్తదారులు వారికి బదులుగా బర్మీయులను పనిలోనికి దింపిరి. అంతలో సమ్మె పరిష్కారమయ్యెను. మే 26వ తేదీన యథాప్రకారము పనికి వచ్చిన బర్మీయులతో, ఇక మీతో పనిలేదు పొమ్మనిరి. ఆనాడు రేవులో పుట్టిన కొట్లాట నగరమంతట ప్రాకి, వందకు మించిన ప్రాణములను బలిగొనెను. హతులలో మిక్కిలిమంది భారతీయులే.

మన యిండ్లలో ఈ కథను బర్మావాని క్రౌర్యముగా మాత్రమే చెప్పుకొందురు. నా దృష్టిలో అది సగము కథ. మనవారు పడిన హింసకు సమాధానము లేదు, నిజమే. కాని తన దేశమున, తన రేవులో, కొలది దినములు వాడుకొని విడువబడినవాని దుఃఖమును దుఃఖము కాదనగలమా? జాతికొక ముఠాగా పని పంచిన గుత్తదారునకు మాత్రము గాయము తగులలేదు. 1938లో అల్లర్లు మరల చెలరేగెను. 1942లో జపాను సేనలు ముందుకు రాగా లక్షలకొలది భారతీయులు అడవులబడి నడచి వచ్చిరి. ఆ దారులలోను తెల్లవారికొకటి, నల్లవారికొకటి యని నాడు గొప్ప ఆరోపణ బయలుదేరెను. బర్మానుండి తిరిగివచ్చినవారికి గురుతుగా విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని ఉన్నది.

ఇప్పుడు మన యువకులు అమెరికాకు పోవుచున్నారు. తెలుగువారు పెక్కుమంది పనిచేయు సియాటిల్ నగరమున 2023 ఫిబ్రవరిలో, కులమునుబట్టి వివక్ష చూపరాదని నగరసభ శాసించెను. ఆ దేశపు నగరములలో అదియే మొదటిది. కాలిఫోర్నియా శాసనసభ అంగీకరించిన అట్టి బిల్లును ఆ యేడే అక్టోబరులో అచ్చటి గవర్నరు త్రోసిపుచ్చెను. ఇవి మనమీద వేసిన నిందలని కోపించువారు గలరు. రంగు చూచి మా పిల్లలను తక్కువచేయవద్దని అడుగువారము, ఇంటిపేరు చూచి పని పంచుదుమా?

అంత దూరము పోనేల? ఈ పొందూరి ఖద్దరునే చూడుడు. వాలుగ చేప దవడ యెముకతో పత్తిని దువ్వి, ఏకి, నూరవ నంబరు సన్ననూలు రాట్నముమీద తీయువారు స్త్రీలు. పంచె అందమును మెచ్చువారు నేతగానిని పొగడుదురు, వడికినదెవరని అడుగరు. ఆమె కూలి నేతకూలికంటె తక్కువ. ఎనిమిది గంటలు వడికినవారికి ఎనిమిదణాలైన ముట్టవలెనని గాంధీగారు 1935లో పట్టుబట్టిరి. అఖిల భారత చరఖా సంఘము అంతవరకు పోలేకపోయినను, తిండికిని బట్టకును చాలు కనీసపు కూలి యుండవలెనను సూత్రమును ఒప్పుకొనెను. ఒకే గుడ్డలో పడుగు పేకలైనవారికి సమమైన గౌరవము మన వీధిలోనే కుదురలేదు.

కావున పోషకులకు నా మనవి యిది. మన పిల్లలకు వసతిగృహము కట్టింపుడు, విద్యార్థివేతనములిండు, యంత్రవిద్యయు ఇంగ్లీషును నేర్పింపుడు; ఇందు ఎంత ధారాళముగానున్నను తప్పులేదు. పని యిచ్చునప్పుడు మాత్రము పరీక్ష అందరికిని ఒక్కటిగా పెట్టుడు. తీర్మానములో "మనవారికే మొదట" అను మాటలు తీసివేసి, "మనవారిని సిద్ధపరచుటకు" అని వ్రాయవలెను. కార్యవర్గమున వడకు స్త్రీలకు రెండు స్థానములు చేర్పవలెను. ఈ రెండు సవరణలను సాయంకాలపు విషయనిర్ణయసభలో ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుజ్ఞ వేడుచున్నాను.