ఏడాది పెద్దరికము



లాడ్జి అనినంతనే తెలుగువారికి రైలుస్టేషను చెంత ఒక రాత్రికి గది దొరకు బసయిల్లు స్ఫురించును. నేటి ప్రసంగవిషయమైన లాడ్జి అది కాదు. ఫ్రీమేసనులను సోదరసంఘమువారు తమ శాఖకు ఆ పేరు పెట్టుకొనిరి. ఢిల్లీలో కొలువు చేయువారిలో జనపథ్ మీది ఫ్రీమేసనుల హాలు ముందునుండి నడచిపోయినవారు అనేకులు, లోపలికి పోయినవారు తక్కువ. ఉత్తరదేశపు సామాన్యజనులు పూర్వము ఇట్టి భవనములను ‘జాదూఘర్’ అని పిలిచెడివారు. తలుపులు మూసికొని, వాకిట కత్తి పట్టిన కావలివానిని నిలిపి, లోపల ఏమేమో జరుపుదురని వినినవారికి మంత్రతంత్రములు కాక మరేమి తోచును? ఆ కావలివానిని టైలరు అందురు. అతడు బట్టలు కుట్టువాడు కాడు. ఇంటికి పెంకు కప్పు పనివాని పేరునుండి ఆ మాట వచ్చినదని చెప్పుదురు.

యూరపులో రాళ్లు చెక్కి దేవాలయములు కట్టిన తాపీపనివారి సంఘముల పరిభాషను, పనిముట్లను ఈ సోదరులు స్వీకరించిరి. మూలమట్టము, రసమట్టము, తూకపుగుండు వీరికి గోడ కట్టుటకు కాదు, నడవడిని సరిచూచుకొనుటకు గుర్తులు. 1717వ సంవత్సరము జూన్ 24వ తేదీన లండనులో నాలుగు లాడ్జీలు కలసి మహాలాడ్జిగా ఏర్పడినవి. పదుమూడేండ్లకే, అనగా 1730 నాటికి, కలకత్తాలో లాడ్జి నెలకొన్నది. తరువాత మద్రాసు, బొంబాయి. హైదరాబాదులో కుతుబ్‌షాహీల కాలపు గోషామహల్ బారాదరి పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రీమేసనులకు నెలవైనది. అంతఃపురస్త్రీలకై కట్టించినదని చెప్పు ఆ మహలు, స్త్రీలకు ప్రవేశము లేని సంఘమునకు స్థానమగుట కాలము చేసిన చిత్రము. ఆ సంగతి మరల వచ్చును.

లాడ్జికి పెద్దను మాస్టరు అందురు. అతని పదవి సాధారణముగా ఒక్క సంవత్సరము. ఆ ఒక్క సంవత్సరమునకై అతడు చేయవలసిన ప్రయాణము మాత్రము దీర్ఘమైనది. క్రొత్తగా చేరినవాడు మొదట విందులో వడ్డన చూచును, పిదప లోపలి తలుపు కాచును, ఆ పిదప వార్తలు చేరవేయు డీకను పదవులు, దక్షిణమున కూర్చుండు చిన్న వార్డెను, పడమట కూర్చుండు పెద్ద వార్డెను పదవులు. ఏడాదికొక మెట్టు చొప్పున లెక్కించినను ఏడెనిమిదేండ్లు గడచును. అటుపిమ్మట సోదరులు రహస్యపు ఓటుతో ఎన్నుకొనిన, తూర్పున ఉన్న పీఠము దక్కును. వార్డెనుగా ఏడాది పనిచేయనివాడు సామాన్యముగా ఆ పీఠమునకు అర్హుడు కాడు. ధనమున్నదనియో, బిరుదున్నదనియో నేరుగా ఎక్కుటకు వీలులేదు. మన సాంస్కృతిక సంఘములలో నిన్న చేరి నేడు అధ్యక్షుడగు పద్ధతిని ఎరిగినవారికి ఇది కొంత వింతగానే ఉండును.

పీఠారోహణ దినమున అతనికి లాడ్జి అధికారపత్రమును, నిబంధనావళిని చేతికిత్తురు. ఎదుట పవిత్రగ్రంథము తెరచి ఉండును. మన దేశపు లాడ్జీలలో అది ఒక్క గ్రంథము కాదు. భగవద్గీత, ఖురాను, బైబిలు, గురుగ్రంథసాహెబు, జెండ్ అవెస్తా, ఎవరి మతగ్రంథముపై వారు ప్రమాణము చేయుదురు. ఆ గదిలో మతవాదము గాని, రాజకీయవాదము గాని చేయరాదని కట్టడి. ఇక కర్మకాండ యంతయు గ్రంథము చూడక నోటికి చెప్పవలెను. అవి పుటల తరబడి సాగు గద్యములు. పగలెల్ల నోటులు, డ్రాఫ్టులు వ్రాసి, సాయంకాలము బస్సులో పెదవులు కదల్చుచు వల్లెవేయువానిని చూచి ప్రక్కవాడు విష్ణుసహస్రనామ మనుకొనినను తప్పులేదు.

ఈ సంఘమున సమత్వ మనునది మాటకు మాత్రమేనా, ఆచరణలోనూ కలదా అని ఎవరైనను ప్రశ్నింపవచ్చును. కేంద్రసచివాలయములో అసిస్టెంటు సెక్షను ఆఫీసరు, సెక్షను ఆఫీసరు, అండరు సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ యను మెట్లు ఎంత ఎత్తైనవో ఈ సభకు వేరుగ చెప్పనక్కరలేదు. లాడ్జిలో సెక్షను ఆఫీసరు తూర్పుపీఠమున ఉండగా అతని డిప్యూటీ సెక్రటరీ తలుపుచెంత నిలుచుండుట సంభవమే. చిన్న సుత్తి ఒక్కమారు మ్రోగిన ఇద్దరును మౌనము వహింపవలెను. మరునాటి ఉదయము ఆ సెక్షను ఆఫీసరే ఫైలుపై ‘ఆజ్ఞకై’ అని వ్రాసి ఆ అధికారికి పంపును. రెండుచోట్లను ఇద్దరును తడబడకుండుటయే అభ్యాసము. కొందరు తడబడుదురు. పీఠము దిగిన తరువాత గూడ సుత్తి చేతిలోనే ఉన్నదని భ్రమపడువారును కలరు.

మాస్టరునకు అధికారమున్నను దానిని చుట్టుకొని కట్టుబాట్లు కలవు. నిబంధనలను అతడొక్కడే మార్చజాలడు. క్రొత్తవారిని చేర్చుకొనుట అతని ఇష్టము కాదు. తెల్లని గుండ్లు, నల్లని గుండ్లు పెట్టెలో వేయించి లెక్కించుటే అతని వంతు. నల్లగుండ్లు నిబంధన చెప్పిన సంఖ్యకు చేరెనా, ఆ మనిషికి ప్రవేశము లేదు. కారణ మడుగువారు లేరు, చెప్పువారు లేరు.

ఈ పెట్టెలోనే సంఘపు బలహీనత గూడ దాగియున్నది. అందరును సోదరులేయని చాటిన ఈ సంఘము భారతీయుని ఎదుట చాలకాలము తలుపు మూసికొనినది. ఆర్కాటు నవాబు వాలాజా పెద్దకుమారుడు ఉమ్‌దతుల్ ఉమరా 1770ల దశకములోనే తిరుచిరాపల్లిలో చేరిన మాట నిజమే. రాజకుమారులకు ఏ తలుపైనను తెరచుకొనును. సామాన్యుని మాట వేరు. బొంబాయిలో మానెక్‌జీ కర్సెట్‌జీ యను పారసీకుడు అర్హుడై యుండియు స్వస్థలమున ప్రవేశము పొందలేక, తుదకు పారిస్ నగరమున ఫ్రీమేసనయ్యెను. అతనివంటివారికై 1843లో స్కాట్లండు మహాలాడ్జి అనుమతితో, జేమ్స్ బర్న్స్ పూనికపై, ‘రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టరన్ ఇండియా’ యను లాడ్జి బొంబాయిలో వెలసినది.

కలకత్తాలో హిందువుల కథ మరింత కఠినము. ప్రసన్నకుమార దత్తు అను వంగీయుడు 1863లో ప్రవేశము కోరెను. ప్రాంతపు పెద్ద అనుమతి లేనిదే ఏషియావాసులను చేర్చుకొనరాదని వంగరాష్ట్రపు లాడ్జీలలో అప్పుడొక నిబంధన ఉండెడిది. హిందువులు అనేక దేవతలను కొలుతురు, వారి ప్రమాణమునకు విలువ ఏమి యని ఆక్షేపించినవారు ఆక్షేపించిరి. ఉపనిషత్తులు చదివియుండిన ఆ ఆక్షేపణ వారి నోట వచ్చెడిది కాదేమో! దత్తు కోపించి విడిచిపోలేదు, వేరు సంఘము పెట్టలేదు. మీ నిబంధనావళి ఏమి చెప్పుచున్నదో దాని ప్రకారమే నడువుడని లండనునకు విన్నవించుకొనెను. వాదప్రతివాదములు తొమ్మిదేండ్లు నడచినవి. తుదకు 1872లో ‘యాంకర్ అండ్ హోప్’ లాడ్జిలో అతనికి ప్రవేశము లభించినది. 1884లో అదే లాడ్జిలో నరేంద్రనాథ దత్తు అను యువకుడు చేరెను. ఆ యువకుడే పిదప వివేకానందస్వామి. ప్రసన్నకుమారుని ఓర్పు లేకున్న ఆ తలుపు అప్పటికి తెరచియుండెడిదో లేదో.

లాహోరు లాడ్జిలో 1886లో చేరిన రడ్‌యార్డు కిప్లింగు తన లాడ్జిని గూర్చి ఒక గేయము వ్రాసెను. హిందువులు, మహమ్మదీయులు, యూదులు, ఆంగ్లేయులు సరిసమానముగ కూర్చుండుటను మెచ్చుకొనుచునే, కులమర్యాదకు భంగము కలుగునను భయముచే అందరును కలసి విందారగింపలేకపోయిన విషయమును గూడ అందులో దాచలేదు. తప్పు ఒక్కవైపుననే లేదని ఒప్పుకొనుట న్యాయము.

1961 నవంబరు 24వ తేదీన ఢిల్లీలో భారతదేశపు మహాలాడ్జి అవతరించినది. రామపురపు నవాబు రజా అలీఖాను తొలి గ్రాండుమాస్టరు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు మహాలాడ్జీలు ఆమోదించి ఆశీర్వదించిన కార్యమిది. ఏ లాడ్జి క్రొత్తదానిలో చేరవలెనో, ఏది పాతదానితో ఉండవలెనో ఆయా లాడ్జీలే నిర్ణయించుకొనినవి. కొన్ని నేటికిని పాత మహాలాడ్జీల క్రిందనే నడచుచున్నవి. విడిపోవుచు గూడ కలహింపకుండుట సంఘములలో అరుదు.

మాస్టరు సంవత్సరములో కర్మకాండ కంటికి కనబడు భాగము. కనబడని భాగము ఆల్మనరు అను ఉద్యోగి పుస్తకములో ఉండును. అనాథయైన వితంతువు ఎవరు, జబ్బుపడిన సోదరుడెవరు, ఎవరి పిల్లవాని కళాశాల జీతము ఆగిపోయినది, ఇవి కనుగొని మాస్టరు చెవిని వేయుట ఆ ఉద్యోగి పని. ప్రతి సమావేశమునను దానపుపెట్టె చేతినుండి చేతికి తిరుగును. ఎవరెంత వేసిరో ప్రక్కవానికి తెలియరాదు. 1788లో ఇంగ్లండులో ఫ్రీమేసనుల అనాథబాలికలకై పాఠశాల స్థాపితమైనది. మన దేశమున ఢిల్లీలో పాఠశాల, కోయంబత్తూరులో బాలల వైద్యకేంద్రము ఈ సోదరుల పూనికతో నడచుచున్నవి. అవి గొప్ప పనులే. అయినను ఒక లాడ్జి పెద్ద తన ఏడాదిని శంకుస్థాపనలతోను, పూలదండలతోను, ఛాయాచిత్రములతోను నింపుకొనుట సులభము. వర్షములో ఆటోరిక్షా ఎక్కి పట్టణపు చివరనున్న రెండు గదుల ఇంటికి పోయి, పింఛను కాగితములు ఎక్కడ ఆగినవో ఒక విధవరాలిని అడిగి తెలిసికొనుట కష్టము. సచివాలయోద్యోగి అయిన మాస్టరునకు ఈ రెండవ పనిలో ఒక ప్రత్యేకమైన నేర్పు కలదు. ఏ బల్లమీద ఏ కాగితము నిద్రించునో అతడెరుగును. ఆమెకు కావలసినది దానము కాదు, రావలసిన పింఛను రావలెను. అది తెప్పించినవాడు విరాళమిచ్చినవానికంటె మెరుగైన సేవ చేసినవాడు. అయితే ఆ పనికై తన అధికారమును వాడరాదు, తన తెలివిని మాత్రమే వాడవలెను. సోదరుడన్న మాట మీద ఒక ఫైలును ముందుకు జరుపుట సేవ కాదు, పక్షపాతము. ఫ్రీమేసనులపై జనులకు కల అనుమానములలో ముఖ్యమైనది ఇదియే. ఆ అనుమానము తీర్చు భారము ప్రతి మాస్టరుపైనను పడును. ఉపన్యాసములతో అది తీరదు.

మరియొక కష్టమైన పని కలదు. పరస్పరము విరోధమున్న ఇద్దరు సోదరులు రాజీపడక లాడ్జిలోనికి రారాదని ప్రాచీనమైన ఆచారము. ఒకే కార్యాలయమున సీనియారిటీ తగవుతో మాటలు మానుకొనిన ఇద్దరు ఒకే లాడ్జిలో ఉన్నచో, వారిని వాకిట నిలిపి మాటాడించుట మాస్టరు వంతు. కోర్టు తీర్పుతో ప్రమోషను వచ్చును గాని పలుకరింపు రాదు. ఇద్దరి మధ్య కూర్చుండి వారి చేత కాఫీ త్రాగించిన మాస్టరు పేరు ఏ నివేదికలోనూ ఎక్కదు.

ఇక స్త్రీల విషయము. ఈ లాడ్జీలు పురుషులకే పరిమితము. ఇంగ్లండులో 1908 నుండి స్త్రీల కొక ప్రత్యేక సంఘము కలదు. స్త్రీపురుషులిద్దరిని చేర్చుకొను మరొక శాఖలో 1902లో పారిస్‌లో ప్రవేశించిన అనీబెసెంటు దానిని మన దేశమునకు తెచ్చి, మద్రాసు అడయారులో నెలకొల్పెను. రెండింటికి సంబంధము లేదు. మాస్టరు ఏడాదిలో ఇల్లాండ్రకు ఒక్క విందుసాయంకాలము దక్కును. మిగిలిన సాయంకాలములు పిల్లల లెక్కలు చూచినది, వచ్చిన బంధువులకు కాఫీ ఇచ్చినది, కర్మకాండ అప్పజెప్పించుకొనినది ఆమెయే. ఈ సభలోని గృహిణులలో కొందరు చిరునవ్వు నవ్వుచున్నారనిన, సంగతి వారికి తెలియుననియే అర్థము.

పన్నెండు నెలలు తిరిగిన వెంటనే క్రొత్త మాస్టరు వచ్చును. పాతవాడు అధికారపత్రమును, సుత్తిని అప్పగించి లేచి, క్రొత్తవాని ఎడమప్రక్కనున్న కుర్చీలో కూర్చుండును. ఆ కుర్చీకి ఆజ్ఞాపించు అధికారము లేదు. క్రొత్తవాడు గద్యమధ్యమున ఒక మాట మరచినచో, ఎవరికిని వినబడకుండ ఆ మాటను అందించుట దాని పని.