వర్తకపు లోటు: లాభమా, నష్టమా?



దిగుమతులు ఎగుమతులను మించినచో దేశము దివాలా తీయుచున్నదనియు, ఎగుమతులు మించినచో సంపద పెరుగుచున్నదనియు మనలో పెక్కురు తలచుచున్నారు. ఈ తలంపు సరియైనదేనా యని విచారింతము.

న్యాయవాదిని గనుక నేను నిత్యమును అప్పుపత్రములను చూచుచుందును. ఒక రైతు అప్పుచేసి బావి త్రవ్వించును; మరియొకడు అంత మొత్తమునే అప్పుచేసి పెండ్లివిందునకు వెచ్చించును. పత్రములు రెండును ఒక్క తీరుననే యుండును. కాని మొదటివాని చేను పండి ఋణము తీరును. రెండవవాని చేను వేలమునకు వచ్చును. దేశముల లెక్కయు నిట్టిదే.

ఎగుమతుల మిగులే భాగ్యమైనచో, ఆంగ్లేయుల పాలనమున మనము ధనవంతులము కావలసి యుండెను. నాడు దశాబ్దముల తరబడి మన యెగుమతులు దిగుమతులను మించి యుండెను. 1876-78 నడుమ దత్తమండలములు కరవున మాడుచున్నను దేశమునుండి ధాన్యము ఓడలకెక్కుట ఆగలేదు. ఆ మిగులు మనకు దక్కక, పింఛనులు, వడ్డీలు మున్నగు పేర్లతో లండనునకు తరలిపోయెను. దాదాభాయి నౌరోజీ 1901లో ప్రకటించిన గ్రంథమున ఈ ధనస్రావమునే లెక్కగట్టి చూపెను.

లోటే వినాశమైనచో, దక్షిణ కొరియా నశించి యుండవలెను. 1960, 1970 దశకములందు ఆ దేశము వర్తకపు లోటుతోనే నడచెను. అయినను కొన్న వానిలో యంత్రములును ముడిసరకులును ప్రధానములు. వానితో కర్మాగారములు నడపి, 1986 నాటికి మిగులు చూపగలిగెను.

మరి 1991లో మనకు ఆపద యేల కలిగెను? ప్రభుత్వము రాబడికి మించి వ్యయము చేయుచుండెను. స్వల్పకాలిక విదేశఋణములు పేరుకొనియుండెను. 1990లో గల్ఫు సంక్షోభము వలన చమురు ధర పెరుగగా ఋణదాతలు వెనుదీసిరి. కొన్ని వారముల దిగుమతులకు చాలు విదేశద్రవ్యము మాత్రమే మిగిలెను. సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను కేంద్రబ్యాంకుల యొద్ద కుదువబెట్టవలసి వచ్చెను.

నేటికిని మన వస్తువర్తకమున లోటు గలదు. కంప్యూటరు సేవల రాబడియు, ప్రవాసులు పంపు ధనమును దానిని చాలవరకు పూడ్చుచున్నవి. ఆ ప్రవాసులలో మన తెలుగుబిడ్డలును పెక్కురు గలరు.

కావున లోటని వినినంతనే బెదరకుడు; మిగులని వినినంతనే పొంగకుడు. ఏమి కొంటిమి? ఏ సొమ్ముతో కొంటిమి? అప్పైనచో గడువెంత? ఈ మూడింటిని పాలకుల నడుగుడు. త్రవ్వించిన బావిలో నీరు పడినదో లేదో విచారించుట, అప్పు తీర్పవలసిన మన యందరి విధి.