పొగ మానువానికి పావుగడియ ఓర్పు

(రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పొగ త్రాగుట ఆరోగ్యమునకు హానికరమని తెలియనివారు నేడు మిక్కిలి అరుదు. బీడీకట్ట మీదను, సిగరెట్టు పెట్టె మీదను ఆ హెచ్చరిక బొమ్మతో సహా అచ్చయి యున్నది. అయినను త్రాగువారు త్రాగుచునే యున్నారు. వారిలో పెక్కుమంది మానవలెనని ప్రయత్నించినవారే. మానిన రెండవనాడో మూడవనాడో కోరిక పైకొన్నప్పుడు ఏమి చేయవలెనో చెప్పువారు లేకపోవుటచేతనే పలువురు ఓడిపోవుచున్నారు. ఈ ప్రసంగము ఆ ఒక్క విషయమును గూర్చియే.

పొగాకు మన దేశమున పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా వచ్చి, గోదావరి లంకలలోను గుంటూరు చేలలోను పాతుకొన్నది. ‘కన్యాశుల్కము’లో గిరీశము చుట్టను కొనియాడినప్పుడు నవ్వనివారు లేరు. ఉత్తర కోస్తా పల్లెలలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారి, పుండ్లుపడి, కొందరిలో క్యాన్సరుగా మారును. ఇట్లు తరతరములుగా పెనవేసికొన్న అలవాటు, మానుమని చెప్పినంత మాత్రమున వదలదు.

పొగాకులో నికోటిను అను పదార్థము కలదు. బీడీ, సిగరెట్టు పొగను లోపలికి పీల్చిన కొద్ది సెకండ్లకే అది మెదడును చేరి హాయి కలిగించును. సుమారు రెండు గంటలలో రక్తమునందు దాని పాలు సగమునకు తగ్గును. తగ్గిన కొలది మెదడు మరల అడుగును. ఆ అడుగుటయే కోరిక. కాల్చిన ప్రతి బీడీయు మరియొక బీడీకి పిలుపు.

మానినవానికి చిరాకు, నిద్రపట్టమి, ఆకలి హెచ్చుట, మనస్సు నిలువకపోవుట కలుగును. ఇవి మొదటి రెండు మూడు దినములలో మిక్కుటముగా నుండి, రెండు మొదలు నాలుగు వారములలో చాలవరకు శమించును. ఒక్కొక్క కోరిక మాత్రము అలవలె లేచి, సాధారణముగా అయిదు నిమిషముల లోపలనే పడిపోవును. పెద్దల లెక్కలో గడియ యనగా 24 నిమిషములు. కోరిక ఆయువు పావుగడియయైనను లేదన్నమాట. జీవితమంతయు చుట్ట లేక ఎట్లు గడచునని దిగులుపడువాడు, ఆ పావుగడియ గడుపుట నేర్చిన చాలును.

అందుకు ముందుగా కోరిక వచ్చు వేళలను గుర్తింపవలెను. తెల్లవారి లేవగానే, కాఫీ త్రాగగానే, భోజనము కాగానే, అరక విప్పగానే, రచ్చబండ చేరగానే అది వచ్చును. చుట్ట లేనిదే విరేచనము కాదని పలువురి నమ్మకము. మానిన కొత్తలో మలబద్ధము కలుగుట నిజమే. లేవగానే నీరు త్రాగుట, ఆకుకూరలు, పండ్లు, కొంత నడక దానికి మందు. పొగ త్రాగువాని శరీరము కాఫీలోని సారమును త్వరగా హరించును. మానిన పిమ్మట అదే కాఫీ ఎక్కువగా పనిచేసి గుండెదడ, నిద్రలేమి తెచ్చును. అది పొగ లేని బాధయని భ్రమపడక, కాఫీని సగము చేసికొనవలెను.

కోరిక లేచినపుడు గడియారము చూడవలెను. చల్లని నీరు గ్రుక్కగ్రుక్కగా త్రాగవలెను. దీర్ఘముగా ఊపిరి పీల్చి మెల్లగా విడువవలెను. కూర్చున్న చోటినుండి లేచి, పశువులకు మేత వేయుటయో, మొక్కలకు నీరు పోయుటయో చేయవలెను. నోటికి సోపుగింజలో, లవంగమో చాలును. వక్కపొడి, ఖైనీ, గుట్కాల జోలికి పోరాదు. అది పెనముమీదినుండి పొయ్యిలో పడుటయే. ఇంటిలో చుట్టలు గాని బీడీలు గాని దాచియుంచరాదు.

లేచిన అరగంటలోపలనే మొదటి బీడీ వెలిగించువానికి ఈ బంధము గట్టిది. అట్టివారికి నికోటిను గల నమలు బిళ్ళలు తోడ్పడును. కారపు రుచి తగలగానే నమలుట ఆపి, బిళ్ళను బుగ్గకును చిగురుకును నడుమ నుంచి, రుచి తగ్గగానే మరల నమలవలెను. అంతకుముందు 15 నిమిషములు కాఫీ గాని పుల్లని పానీయములు గాని త్రాగరాదు. గర్భిణులు, గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక వాడరాదు. పెట్టెలమీద ముద్రించిన 1800-11-2356 నంబరునకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

పదిదినములు నిలిచినవాడు పెండ్లిపందిరిలో ఒక సిగరెట్టు కాల్చి, వ్రతము చెడినదని మరునాడు పెట్టె కొనుట తరచు జరుగును. ఒక్కసారి జారినంతనే పది దినముల శ్రమ వ్యర్థము కాదు. ఎచ్చట జారెనో చూచుకొని ఆ క్షణముననే మరల మానవలెను. ఇంటివారు ఎత్తిపొడువరాదు. స్నేహితులు “ఒక్కటే కదా” యని చేతికందింపరాదు.

ఈ వయస్సులో మానిన నేమి ఫలమని వృద్ధులందురు. బ్రిటనులో 1951లో వేలాది వైద్యులపై ఆరంభమై యేబది యేండ్లు సాగిన పరిశీలన ఫలితములు 2004లో వెలువడినవి. మానక త్రాగుచుండిన వారికంటె, 40వ యేట మానినవారికి సుమారు 9 ఏండ్లు, 50వ యేట మానినవారికి 6 ఏండ్లు, 60వ యేట మానినవారికి సైతము 3 ఏండ్లు ఆయువు అధికముగా దక్కినదని తేలినది. మనుమని పెండ్లి చూచుటకు ఆ మూడేండ్లు తక్కువవి కావు.

2003 నాటి చట్టము గ్రంథాలయమును పొగ త్రాగరాని బహిరంగ స్థలములలో చేర్చినది. సాయంకాలము రచ్చబండవైపు కాళ్ళు లాగువాడు పఠనమందిరమునకు వచ్చి పత్రిక తెరచినచో, పావుగడియ తెలియకయే గడచిపోవును. అట్టివారు వచ్చినపుడు గ్రంథాలయ సభ్యులు ఆదరముతో చోటిచ్చి, వారి ప్రయత్నమునకు తోడ్పడుదురు గాక!