ఇంటి ముందు కాంక్రీటు – న్యాయమైన ధర

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పింఛను బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడతానని కొందరు అనుకొని ఉండవచ్చు. కార్యదర్శి గారు మాత్రం "మీ ఇంటి ముందు గచ్చు కథ చెప్పండి, అది పదిమందికీ పనికొస్తుంది" అన్నారు. మనలో చాలామంది ఉద్యోగ విరమణ తరువాత చేసే మొదటి పని ఇంటికి ఏదో ఒక మరమ్మతు. గేటు దగ్గర నుంచి వసారా దాకా కాంక్రీటు పోయించడం అందులో ముఖ్యమైనది. అల్లుడు కారు కొంటాడు, మనం నేల వెడల్పు చేయిస్తాం. ఆ పనికి ఎంత ఇస్తే న్యాయం? నేను మనవి చేయదలచినది ఇంతవరకే.

నా ఉద్యోగమంతా ఇంజనీరింగు శాఖ డివిజన్ ఆఫీసులో, అకౌంట్స్ విభాగంలో గడిచింది. ఎం.బుక్కులో కొలత లేకుండా, చెక్ మెజర్‌మెంట్ సంతకం లేకుండా ఒక్క బిల్లు కూడా ముందుకు పంపలేదు. అటువంటి వాణ్ణి నా సొంత వాకిట్లోనే మోసపోయాను. మోసపోయాను అనడం కూడా సరికాదేమో. వినండి.

మా ఇల్లు గౌలిపురాలో, ఒక గల్లీ లోపల. నాన్నగారి నాటి షాబాదు బండలు ఉండేవి. అవి కదిలిపోతున్నాయని 2022లో గేటు పక్కన పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, అంటే 120 చదరపుటడుగులు కాంక్రీటు పోయించాను. మేస్త్రీ అడుగుకు 70 రూపాయలు అడిగాడు. రెండు రోజులు బేరమాడి 55కి దించాను. మొత్తం 6,600. ఆ సాయంత్రం చాయ్ తాగుతూ పక్కింటాయనకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెండు వానాకాలాలు తిరిగేసరికి నడిమధ్య పగులు వచ్చింది. అంచు విరిగి ఒక పెళ్ళ పైకి లేచింది. ఒకనాటి తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వెళ్ళిన మా ఆవిడ దానికి కాలు తగిలి పడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ వంట నాది. దాని గురించి ఇక్కడ మాట్లాడను, మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ మాట్లాడుతున్నారు.

తరువాత నల్లా పైపు మార్చడానికి అక్కడే తవ్వించాము. స్కేలు పెట్టి చూశాను. నాలుగంగుళాలని మాట్లాడుకున్న కాంక్రీటు అంచుల్లో నాలుగు, మధ్యలో రెండున్నర అంగుళాలు ఉంది. కింద మొరం లేదు, వట్టి మట్టి. మా ఆవిడ కట్టు చేతితోనే వచ్చి చూసి, "ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ బిల్లులు కొట్టేశారు, మన వాకిట్లో ఎంత మందం పోశారో చూసుకోలేదా?" అంది. జవాబు లేదు.

మేస్త్రీని పిలిపించాను. పాలమూరు వైపు మనిషి, నా కంటె ఇరవై ఏళ్ళు చిన్న. నేను గట్టిగానే మాట్లాడాను. అతను అంతా విని, "సారూ, మీరు డెబ్బై ఇస్తె నాలుగు అంగుళాలు పోద్దుమని వచ్చిన. మీరు యాభై ఐదు జేసిండ్రు. గా పైసలల్ల గంతే వస్తది" అన్నాడు. ఆ రోజు కోపం వచ్చింది. రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. 120 అడుగులు నాలుగంగుళాల మందానికి నలభై ఘనపుటడుగుల కాంక్రీటు. అప్పటి ధరలకు సిమెంటు 9 సంచులు 3,330. ఇసుక, కంకర కలిపి 2,533. సరుకుకే 5,863 అయింది. నేనిచ్చిన 6,600లో మిగిలినది 737 రూపాయలు. అందులో మేస్త్రీ కూలి, ముగ్గురు కూలీల కూలి, తోపుడు బండి కిరాయి రావాలి. అంటే నేను బేరమాడినప్పుడే, తెలియకుండా, ఒకటిన్నర అంగుళం దొంగిలించమని అతనికి ఆర్డరు ఇచ్చాను! నాకు చెప్పకుండా పోయడం అతని తప్పే. దానిని మాఫీ చేయడం లేదు. కాని ఆ తప్పులో నా వాటా కూడా ఉన్నది.

2025 చివరలో అదంతా తీయించి, ఇంకా పొడిగించి పోయించాల్సి వచ్చింది. ఈసారి 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 240 చదరపుటడుగులు. ముగ్గురిని అడిగాను. ఒకాయన అడుగుకు 85 అన్నాడు, ఒకాయన 130, ఇంకొకాయన 190. వినగానే మనకేమనిపిస్తుంది? 190 ఆయన దోపిడీదారు, 85 ఆయన ధర్మాత్ముడు, 130 ఆయన మధ్యస్థుడు అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకొని, పాతపాఠం గుర్తొచ్చి, ముగ్గురినీ మళ్ళీ కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగాను. మందమెంత? మాలు పాళ్ళెంత? కింద ఏం వేస్తారు? తవ్విన మట్టి ఎవరు తీసుకుపోతారు?

అప్పుడు తెలిసింది, ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువులకు ధర చెబుతున్నారని. 85 ఆయనది మూడంగుళాల మందం, 1:2:4 పాళ్ళు, తవ్వకం లేదు, మొరం లేదు. 130 ఆయనది నాలుగంగుళాలు, 1:1½:3 పాళ్ళు, అంటే ఇంజనీర్లు ఎం20 అనేది. కింద నాలుగంగుళాల మొరం తడిపి దిమ్మిస కొట్టిస్తాడు. 190 ఆయనది ఆరంగుళాలు, అందులో ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుము అల్లిక. పాపం ఆయన దొంగ కాదు. లారీ నిలబడే నేల చెబుతున్నాడు, మా అల్లుడిది చిన్న కారు. కారుకు, స్కూటరుకు కింద గట్టి మొరం ఉంటే నాలుగంగుళాలు చాలు.

ఇక లెక్క. కాగితం, కలం ఉన్నవారు రాసుకోండి. పొడవును వెడల్పుతో, దానిని మందంతో (అడుగుల్లో) హెచ్చిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నాది 12 × 20, అందులో మూడో వంతు, 80. ఎం20 పాళ్ళలో నూరు ఘనపుటడుగుల కాంక్రీటుకు సుమారు 23 సంచుల సిమెంటు, 42 అడుగుల ఇసుక, 84 అడుగుల కంకర పడుతుంది. పొడి సరుకు తడిసి కూరుకుపోతుంది కనుక 80 అడుగుల నేలకు 123 అడుగుల పొడి సరుకు కావాలన్నమాట. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది లెక్క తప్పుతారు. నా 80 అడుగులకు పద్దెనిమిదిన్నర సంచులు, వృథా కలుపుకొని 19.

మా గల్లీలో ఆ వారం పలికిన ధరలకు సిమెంటు 19 సంచులు, 340 చొప్పున 6,460. ఇసుక 34 అడుగులు, 70 చొప్పున 2,380. కంకర 68 అడుగులు, 45 చొప్పున 3,060. సరుకు 11,900. ట్రాక్టరు మొరం 2,500, మట్టి ఎత్తివేతకు 1,500, చెక్కలకు 600, మిక్సరు కిరాయి 2,000. తవ్వకం రోజు ముగ్గురు కూలీలు, పోత రోజు ఇద్దరు మేస్త్రీలు, ఐదుగురు కూలీలు. కూలి మొత్తం 7,800. ఐదుగురెందుకని మీరడగవచ్చు. ట్రాక్టరు మా గల్లీ మూల దాకానే వస్తుంది. అక్కడి నుంచి ప్రతి తట్టా మోసుకు రావలసిందే. రెడీమిక్స్ లారీ మాట తలపెట్టనే వద్దు. అన్నీ కలిపితే 26,300.

ఇందులో మేస్త్రీకి ఏమి మిగలాలి? మనుషులను కూడేసేవాడు అతను, పని చెడితే మాట పడేవాడు అతను. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల విశ్లేషణలో కాంట్రాక్టరు లాభానికి, పై ఖర్చులకు కలిపి 15 శాతం వేస్తారు. సర్కారు ఒప్పుకొన్నది మనం ఒప్పుకోకపోతే ఎలా? 3,945 కలిపితే 30,245, అడుగుకు 126 రూపాయలు. 130 ఆయన మొత్తం 31,200. తేడా 955 రూపాయలు. ఆ 955 కోసం నోరు తెరవబోయాను. మా ఆవిడ మణికట్టు రాసుకుంటూ నా వైపు చూసింది. మూసుకున్నాను.

ఇప్పుడు అసలు తమాషా వినండి. అదే ధరలతో 85 ఆయన చెప్పిన పనికీ లెక్క కట్టాను. మూడంగుళాలు, 1:2:4 పాళ్ళు కనుక సిమెంటు 19కి బదులు 11 సంచులే. తవ్వకం, మొరం లేవు. అతని ఖర్చు 16,315, మొత్తం 20,400. మిగులు 4,085, వంద ఖర్చుకు పాతిక. 130 ఆయనకు వందకు పద్దెనిమిదిన్నర. అందరికంటె తక్కువ ధర చెప్పినాయనకే అందరికంటె ఎక్కువ లాభం! ఈ లెక్క నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

పోత నాడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఖాళీ సిమెంటు సంచులు ఒక మూల పేర్చమని ముందే చెప్పండి, సాయంత్రం లెక్కపెట్టండి. ఇంతకు మించిన ఎం.బుక్కు లేదు. అంచు చెక్కలు నాలుగంగుళాలవి కట్టినా, మధ్యలో దారం లాగి నాలుగైదు చోట్ల కొలవండి, నాకు కన్నం పడింది మధ్యలోనే. ఇక నీళ్ళు. కూలీలకు పని సులువు కావాలని మాలు పల్చన చేస్తారు. ఎం20కి సంచికి 30 లీటర్లు మించకూడదని 2000 నాటి ఐ.ఎస్. 456 చెబుతోంది, అంటే పెద్ద బకెట్లు రెండు. ఇసుక తడిగా ఉంటే అంతకన్నా తక్కువే. నేను కుర్చీ వేసుకుని బకెట్లు లెక్కపెట్టాను. మొదట నవ్వుకున్నారు, మధ్యాహ్నానికి వాళ్ళే "సార్, రెండు" అని అరవడం మొదలుపెట్టారు.

నేలంతా ఒకే పలకగా పోస్తే అది తనకు నచ్చిన చోట పగులుతుంది. నాలుగంగుళాల మందానికి ఎనిమిది, పది అడుగులకొక గీత ఉండాలి. మాది ఆరడుగులు, పదడుగుల పలకలు నాలుగు చేయించాను. పాత గోడకు అతికించకుండా సందు వదిలించాను. తడపడం మాత్రం మన పని. ఇప్పుడు వచ్చే సిమెంటు చాలావరకు బూడిద కలిసినది, దానికి పది రోజులకు తక్కువ కాకుండా తడపాలి. మనకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు కదా, మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలిపాను, పైన తడి గోనెలు పరిచాను. మేస్త్రీ ఎంత మంచివాడైనా ఈ పది రోజులు మనం బద్ధకిస్తే అతని పని చెడుతుంది.

పాతబస్తీ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, మన గడప దిగిపోతుంది. నేల వాలు అడుగుకు పావు అంగుళం చొప్పున గేటు వైపు ఇవ్వమంటారు. మా గేటు బయట వీధే ఎత్తు. అటు వాలిస్తే వాన నీళ్ళు గేటు దగ్గరే నిలుస్తాయి. అందుకని ఒక పక్కకు వాలు ఇప్పించి, రెండడుగుల మట్టి పట్టీ వదిలి, అందులో ఇంకుడు గుంత తీయించాను. 2020 అక్టోబరు వానల్లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి ఆ చుట్టుపక్కల బస్తీలు మునిగిన సంగతి మనకు గుర్తుంది. వాకిలంతా మూసేసి నీళ్ళు వీధిలోకి తోసేస్తే అవి ఎవరి ఇంట్లోకో పోతాయి. గేటు దాటి వీధిలోకి ర్యాంపు పోయించేవారికి కూడా చెబుతున్నాను, అది మన జాగా కాదు. కార్పొరేషన్ వాళ్ళు వచ్చి పగలగొడితే ఆ డబ్బు దండుగ.

పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చెప్పే దుకాణదారుని అడగండి. ఎవరైనా మేస్త్రీ "పైన 18 శాతం జి.ఎస్.టి." అంటే నంబరున్న బిల్లు ఇమ్మనండి. ఏడాదికి 20 లక్షల లోపు పని చేసే చిన్న మేస్త్రీలకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు, రిజిస్ట్రేషన్ లేనివాడు పన్ను వసూలు చేయకూడదు.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి, అలాగని ఏడిపించకండి. నేను సరుకు దిగిన రోజు పన్నెండు వేలు, పోత సాయంత్రం కూలీలు ఉండగానే పదహారు వేలు ఇచ్చాను. మిగిలిన 3,200 తడపడం పూర్తయిన పదకొండో రోజున, ముందే చెప్పిన ప్రకారం, మేస్త్రీ ఇంటికి నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఇదంతా అర ఠావు కాగితం మీద ముందే రాసుకొని ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం.

పాత మేస్త్రీ సంగతి ఏమైందని మొన్న ఒక మిత్రుడు అడిగారు. పాత పెళ్ళలు పగలగొట్టి ఎత్తివేసే పని విడిగా అతనికే ఇచ్చాను. ఎంత అన్నాడో అంత ఇచ్చాను. పని మధ్యలో రెండున్నర అంగుళాల ముక్క ఒకటి చేతిలోకి తీసుకొని చూసి, ఏమీ అనకుండా తట్టలో వేశాడు.

నా లెక్క కాగితం నకలు కార్యదర్శి గారి దగ్గర ఉంచాను. కావలసినవారు జిరాక్సు తీసుకోవచ్చు. ధరల గడి ఖాళీగా వదిలాను, మీ గల్లీలో ఆ వారం ఎంత పలికితే అంత మీరే వేసుకోండి.