మందులకు లొంగని రక్తపోటు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము, పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పుకునే పంతుళ్లం. అయినా ఊళ్లో తరచు మా చెవిన పడే మాట ఒకటుంది. "మాస్టారూ, మూడు రకాల బిళ్లలు మింగుతున్నా బీ.పీ. దిగటం లేదు. ఇక నా రాత ఇంతే" అంటారు. అలా అని బిళ్లలే మానేస్తారు. పక్షవాతం వచ్చి సంపాదించే మనిషి మంచాన పడితే ఆ ఇల్లు ఏమౌతుందో మనకు తెలియనిది కాదు.

నీటి బిళ్లతో సహా మూడు మందులు సరైన మోతాదులో వాడినా పోటు తగ్గకపోతే, లోపల వేరే కారణం ఉందేమో వెదకమంటారు వైద్యులు. మందు రోజూ వేసుకుంటున్నామా, లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టి కొలిచారా అన్నవి ముందు చూసుకోవాలి.

ఆ తరువాత వంటిల్లు. రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కొల్లేటి ఎండుచేపలూ ఆవకాయా పక్కపక్కన పెట్టుకునే మనకు ఆ లెక్క ఎక్కడ ఆగుతుంది? చెరువుల మీద పనిచేసి నడుము పట్టిందని డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు రోజూ మింగేవారున్నారు. అవి ఒంట్లో ఉప్పూ నీరూ నిలిపి బీ.పీ. మందు బలాన్ని తగ్గిస్తాయి, మూత్రపిండాలకూ చేటు. ఇంకొకటి చెబితే హకీం సాహెబులకు కోపం రావచ్చు. ములేఠీ, అంటే అతిమధురం, దగ్గుకు వాడతాం. నెలల తరబడి తాగితే మాత్రం పొటాషియం తగ్గి పోటు పెరుగుతుంది. మూలికే కదా అని డాక్టరుగారికి చెప్పనే చెప్పం!

గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఉలిక్కిపడేవారికీ పోటు లొంగదు. ఈ సంగతి ఆయనకు తెలియదు, ఇంటావిడకు తెలుసు. అందుకని డాక్టరు దగ్గరకు ఆమెనూ వెంట తీసుకెళ్లాలి.

1955లో అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ 34 ఏళ్ల స్త్రీ ఒకామె సంగతి ప్రకటించారు. ఆమెకు పోటు ఎక్కువ, పొటాషియం తక్కువ, కండరాలు చచ్చుబడిపోయేవి. మూత్రపిండం మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఒకటి ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును అతిగా వదలటమే కారణం. గడ్డ తీసేశాక ఆమె కోలుకుంది. ఈ జబ్బు అనుకున్నంత అరుదు కాదు, పొటాషియం మామూలుగా ఉన్నా ఉండవచ్చు. ఆల్డోస్టిరాన్, రెనిన్ రక్త పరీక్షలతో పసిగడతారు. స్పైరనోలాక్టోన్ అనే పాత మందు మొండి పోటుకు బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటనులో తేల్చారు. అది పొటాషియాన్ని పెంచుతుంది గనుక సొంతంగా కొని వాడరాదు.

వయసు పిల్లలకు బీ.పీ. వస్తే మరీ జాగ్రత్త. 1908లో తకయాసు అనే జపాను కంటివైద్యుడు బయటపెట్టిన రక్తనాళాల జబ్బు మన దేశపు యువతులలోనూ కనబడుతుంది. మూత్రపిండానికి వెళ్లే నాళం సన్నబడి పోటు పెరుగుతుంది. ఒక చేతిలో నాడి అందకపోవచ్చు. అందుకే రెండు చేతులకూ కొలవమని అడగండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లలు, చూర్ణాలు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. రంజాన్‌కు నెల ముందే వెళితే సెహరీకి ఏ మందు, ఇఫ్తారుకు ఏ మందు అన్నది ఆయనే రాసిస్తారు.