మనసునకు మజిలీ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని తెలుగునాట సామెత పుట్టుటకు కారణము లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరలేదు. పరివారముతో పోయినవానికే అంతకాలము పట్టినప్పుడు, కాలినడకను పోవు పేదవాని గుండెలోని గుబులు వేరుగా చెప్పనక్కరలేదు.

మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగములుగా రచించిన కాశీమజిలీ కథలకు ఆ దారియే ఆధారము. మణిసిద్ధుడను యతికి కాశీప్రయాణమునకు తోడు కావలసివచ్చెను. పశువుల కాపరి యొకడు ఒప్పుకొనెను గాని ఒక నియమము పెట్టెను: దారిలో తాను చూచిన వింతను గూర్చి మజిలీ మజిలీయందును కథ చెప్పవలెను. యతి చెప్పుచుండెను; గోపకుమారుడు నడచుచుండెను. కథ దూరమును తగ్గింపలేదు. దారిలోని ముండ్లను ఏరివేయలేదు. మరునాటి నడకకు సత్తువ నిచ్చెను. వినోదగ్రంథముల ప్రయోజనము ఇంతియే. ఇది స్వల్పప్రయోజనము కాదు.

గ్రంథాలయమునకు వచ్చు ద్రవ్యము కొంచెము; వ్యవసాయము, ఆరోగ్యము, పరీక్షలు వీనికి సంబంధించిన గ్రంథములు కొనిన చాలును, రాకుమారుల కథలును ప్రేమకథలును ఎందులకని కొందరు పెద్దలు అనుట కలదు. ఆ మాటలో కొంత న్యాయము ఉన్నది. కాని అప్పు గడువు దగ్గరపడినప్పుడు, చినుకు జాడ లేనప్పుడు, దూరదేశమందలి బిడ్డ క్షేమము తెలియనప్పుడు మనసు గానుగెద్దువలె ఒక్కచోటనే తిరుగును. ఆ రాత్రి ఉపయుక్తగ్రంథము తెరచినను అక్షరము తలకెక్కదు. ముందు ఆ ఎద్దును గానుగనుండి విప్పవలెను. ఆ పని కథ చేయును.

పదునారవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున ఎన్ని మాయలు, ఎన్ని చిక్కులు! అయినను కలభాషిణి తుదకు మధురలాలసగా జన్మించి కళాపూర్ణుని చేపట్టును. తన కష్టమునకు తుది యెరుగని పాఠకుడు, చక్కబడిన తుది గల కష్టము నొకదానిని చూచి ఊరట చెందును. మొక్కపాటి నరసింహశాస్త్రి సృష్టించిన బారిష్టరు పార్వతీశము మొగలితుర్రునుండి ఇంగ్లండు పోవుచు అడుగడుగునను నవ్వులపాలగును, అయినను వెనుదిరుగడు. అతనిని చూచి నవ్విన పాఠకుడు తన తడబాటును గూడ తేలికగా తీసికొన నేర్చును.

అయినను కథ సర్వరోగనివారిణి కాదు. నిద్రయు ఆకలియు చెడి, దిగులు ఎన్నినాళ్లకును విడువనిచో వైద్యుని ఆశ్రయింపవలసినదే. పుస్తకము ఆ దారిలో తోడు మాత్రమే.

1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. పుస్తకమే చదువరిని వెదకికొని పోవలెనని ఆ పడవ చాటెను. గ్రామ గ్రంథాలయము చేయవలసినదియు అదియే. కథల బీరువాను మూలకు నెట్టక, వాకిటికి ఎదురుగా ఉంచవలెను. పొలమునుండి వచ్చిన రైతు గాని, వంటపని ముగించుకొని వచ్చిన ఇల్లాలు గాని "ఏదైన మంచి కథ యున్నదా?" యని మెల్లగా అడిగినప్పుడు, "ఈ వయస్సున కథలేమిటి?" యని నవ్వరాదు. ఆ ప్రశ్న వెనుక ఎంత బరువున్నదో ఎవరికి తెలియును? పుస్తకము చేతికిచ్చి, దీపము దగ్గర చోటు చూపిన చాలును. ఆ పూటకు అదియే వారి మజిలీ.