డిస్కు పోయిందంటే నమ్మేయకండి

మీరు జనగామలో ఉన్నా, మహబూబాబాద్‌లో ఉన్నా, భూపాలపల్లిలో ఉన్నా, పిల్లల చదువుకని కొన్న పాత కంప్యూటరు ఇంట్లో ఓ మూల ఉండే ఉంటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదా! కొత్త సిస్టం ఎక్కించబోతే సగంలో ఆగుతుంది. "డిస్కు పోయిందమ్మా" అంటాడు రిపేరు అబ్బాయి. అప్పుడే పర్సు తీయకండి.

మొదట ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. నేనా పని చేయక మా అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ పోగొట్టుకున్నాను. ఆ దిగులు ఇంకా తీరలేదు.

తర్వాత ప్లగ్గు తీసేసి, పెట్టె మూత విప్పండి. కరెంటు తీగ వచ్చి చేరే లోపలి చిన్న పెట్టెను మాత్రం విప్పవద్దు, ప్రమాదం. దుమ్ము దులపండి, భూపాలపల్లి వంటి బొగ్గు ఊళ్లలో ఇది మరీ అవసరం. పెట్టె ఇనుమును ఓసారి తాకి, ర్యామ్ పలకను తీసి, దాని పసుప్పచ్చ అంచును పొడిగుడ్డతో తుడిచి, టిక్కుమనేలా బిగించండి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టినప్పుడు పని ఆగుతుందో, అనుమానం దానిమీదే. డిస్కు అసలు కనబడకపోతే తీగ వదులైందేమో చూడండి. తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే, లోపల బిళ్లలా ఉండే సీఆర్ 2032 సెల్లు మార్చాలి.

విండోస్ 11 "ఈ యంత్రం పనికిరాదు" అన్నా కంగారు వద్దు. అది అడిగే టీపీఎం 2.0 ఒక్కోసారి బయోస్‌లో ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే సరి. నిజంగానే లేకపోతే లినక్స్ ఉంది, ఉచితంగానే దొరుకుతుంది.